బాగున్నవాళ్ల మాత్ర

బస్ స్టాండులో ఆమె గొంతు తెలియనివాళ్లు లేరు, మొహం మాత్రం ఎవరికీ తెలియదు. విచారణ కిటికీ పక్కన అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎన్నో నంబరు దగ్గర ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో పద్దెనిమిదేళ్లుగా మైకులో చెబుతోంది. డ్రైవర్లు, కండక్టర్లు, ఆఖరికి డిపో మేనేజరు కూడా ఆమెను మైకమ్మ అనే పిలుస్తారు. మైకు ముందే కాదు, ఇంట్లోనూ ఆమె నోటికి తాళం లేదు. వాచీలు బాగుచేసే ఆమె మొగుడు రోజు మొత్తం మీద మూడు మాటలు మాట్లాడితే గొప్ప. ఇద్దరి వాటా తనొక్కతే మాట్లాడేస్తుందని ఇంట్లో ఉండే ఆడపడుచు ఎత్తిపొడుస్తుంటుంది. పొడిస్తే పొడిచింది, అంతమాత్రానికి మైకమ్మ మాట్లాడటం మానేస్తుందా!

అలాంటి మనిషికి ఆరేళ్ల కిందట మాట పడిపోయే జబ్బొచ్చింది. కండరాలు ఇట్టే అలిసిపోయే జబ్బు అది. పొద్దున్న బాగానే లేచేది. మధ్యాహ్నానికి కనురెప్పలు వాలిపోయేవి, అన్నం నములుతుంటే దవడ మధ్యలో ఆగిపోయేది, మాట ముక్కులోంచి వచ్చి, ముద్ద ముద్దయి, చివరికి వట్టి గాలి మిగిలేది. ఒకరోజు "మూడో నంబరు" అనబోతే మైకులో ఏదో మూలుగు వినిపించి ప్రయాణికులు బెదిరిపోయారు. నవ్వకండి, ఆ రోజు ఆమె అద్దాల గదిలో తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు ఒక చిన్న తెల్ల మాత్ర రాసిచ్చాడు. వేసుకున్న ముప్పావుగంటకి రెప్పలు లేస్తాయి, గొంతు లేస్తుంది. నాలుగు గంటలయ్యాక మళ్లీ ఇంకోటి వేసుకోవాలి. జబ్బు పోదు, కానీ మాత్ర పనిచేస్తున్నంతసేపూ ఆమెకి జబ్బుందని దేవుడొచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు.

ప్రజా ఆరోగ్య బీమా వాళ్లు మందులన్నిటినీ నాలుగు వర్గాలు చేశారు. మొదటిది ప్రాణావసరం, దాని ఖర్చంతా బీమాదే. రెండోది అవసరం, ముప్పాతిక వంతు ఇస్తారు. మూడోది ఉపశమనం, వాళ్లిచ్చేదానికన్నా దానికోసం మనం నింపే కాగితాల బరువెక్కువ. నాలుగోది సౌకర్యం. దానికి పైసా రాదు గానీ, రసీదు అడుగున "మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాము" అని అచ్చేసి ఇస్తారు. ఆరేళ్లుగా మైకమ్మ మాత్ర మొదటి వర్గంలో దర్జాగా కూర్చునుంది. ఆ నెల మొదట్లో మందుల షాపుకి వెళ్తే, షాపతను చీటీ చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, ఈసారి మొత్తం మీరే కట్టుకోవాలి. మీ మాత్ర నాలుగో వర్గంలోకి వెళ్లిపోయింది."

"నాలుగంటే? మొహం మెరవడానికి క్రీములు రాసుకుంటారే, ఆ వర్గంలోకా?"

"అందులోకే. క్రీముల కింద, గురకకి పెట్టుకునే ముక్కు పట్టీల పైన ఉంది."

మైకమ్మ అక్కడే లెక్క వేసుకుంది. నెలకి సరిపడా మాత్రలు సొంతంగా కొంటే జీతంలో మూడొంతులు పోతుంది. కొనకపోతే గొంతు పోతుంది, గొంతు పోతే ఆ జీతమే ఉండదు. మాటే బతుకుతెరువైన మనిషి మాట లేకుండా ఏ పని చేసి బతుకుతుంది? ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా బీమా ఆఫీసుకి నడిచింది.

అక్కడ రికార్డులు చూసే గుమస్తామ్మ ఒకావిడ ఉంది. మెత్తని మనిషే, కానీ ఏ మాటన్నా ముందు ఫైలు విప్పి చూసుకుని గానీ అనదు. ఫైలు విప్పి, వేలితో వెతికి, "కిందటేడు మీకో ఉత్తరం వచ్చిందా అండీ? 'ప్రియమైన లబ్ధిదారు, మీరు ఎలా ఉన్నారు?' అని?" అని అడిగింది.

"వచ్చింది."

"మీరేం రాశారు?"

మైకమ్మ గతుక్కుమంది. ఎలా ఉన్నారని అడిగితే మర్యాద తెలిసిన మనిషి ఎవరైనా ఏమంటారు? మంచంలో మూలుగుతూ ఉన్నా సరే, "ఆఁ, బాగున్నామండీ, మీరంతా బాగున్నారా?" అంటారు. అడిగినవాళ్ల ముందు రోగాల చిట్టా విప్పడం ఏం బాగుంటుంది? ఆమె కూడా అదే రాసింది. పైగా అందమైన అక్షరాలతో "మీరూ, మీ ఆఫీసులో వారందరూ క్షేమమని తలుస్తాను" అని కూడా చేర్చింది.

"ఆ జబ్బున్నవాళ్లు మా దగ్గర మూడొందల పద్నాలుగు మంది ఉన్నారు," అంది గుమస్తామ్మ. "మూడొందల పద్నాలుగు మందీ బాగున్నామనే రాశారు. ఒకాయన ఆసుపత్రిలో ఊపిరి గొట్టం పెట్టించుకుని, సైగలతో చెప్పి రాయించాడు, బాగున్నానని. ఏ మందు ఏ వర్గమో తేల్చే సంఘం వాళ్లు లెక్క తీసి చూశారు. ఈ జబ్బున్నవాళ్లంతా బాగానే ఉన్నారు కాబట్టి బాగున్నవాళ్లకిచ్చే మందు సౌకర్యం కిందికొస్తుందని తేల్చారు."

"మేం బాగున్నది ఆ మాత్ర వల్లే కదమ్మా!"

గుమస్తామ్మ ఫారాన్ని తిరగేసి మరగేసి చూసింది. "ఆ ప్రశ్న ఇందులో లేదండీ," అంది నిజంగానే బాధపడుతూ.

అభ్యంతరం ఉన్నవాళ్లు వర్గీకరణ సంఘం ముందు హాజరై చెప్పుకోవచ్చు. ప్రతి మంగళవారం కూర్చుంటారు. మనిషికి మూడే హాజర్లు, మూడోదాంతో తలుపు మూసేస్తారు. సంఘంలో ముగ్గురు. అధ్యక్షుడు పళ్ల డాక్టరుగా రిటైరైనాయన, ఎవరితో మాట్లాడుతున్నా కళ్లు వాళ్ల నోటి మీదే ఉంటాయి. రెండో ఆయన లెక్కల సభ్యుడు, నున్నటి బట్టతల. మూడో ఆయన ఎప్పుడూ కళ్లు మూసుకునే ఉంటాడు, ఆలోచిస్తున్నాడని అంతా గౌరవంగా అనుకుంటారు.

మొదటి మంగళవారం మైకమ్మ మాత్ర వేసుకుని, మంచి చీర కట్టుకుని, మొగుడితో వెళ్లింది. తన జబ్బేమిటో, మాత్ర ఏం చేస్తుందో, అది లేకపోతే తన గతేమిటో ఒక్క మాట తడబడకుండా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ అయిదు నిమిషాల్లో చెప్పింది. అధ్యక్షుడు మైమరచిపోయాడు.

"అబ్బ, ఏం గొంతమ్మా మీది! ఎక్కడో విన్నట్టుంది."

"బస్ స్టాండులో విని ఉంటారండీ."

"ఆఁ, అదీ సంగతి! పళ్ల వరస కూడా చక్కగా ఉంది. ఇంత బాగా మాట్లాడే మనిషికి మాట పడిపోయే జబ్బేమిటమ్మా, దిష్టి తగలకుండా చూసుకోండి."

లెక్కల సభ్యుడు ఫారంలో 'ప్రస్తుత పరిస్థితి' అన్న గడిలో 'అతి బాగు' అని రాశాడు. బతిమాలబోతే, సమయం అయిపోయిందని గంట కొట్టాడు. మైకమ్మ ఇంటికొచ్చి ఒక గంటసేపు సంఘాన్ని, వాళ్ల తాతముత్తాతల్ని తిట్టింది. ఆడపడుచు అంతా విని, "నువ్విలా తిడుతుంటే నేనూ నమ్మను అమ్మాయ్, నీకు నోరు పడిపోయే రోగమంటే," అంది. తిట్టుకుంటూనే మైకమ్మ ఆలోచనలో పడింది. వదిన అన్నదాంట్లో తప్పేముంది?

అందుకే రెండో మంగళవారం మాత్ర వేసుకోకుండా వెళ్లింది. మొగుడి భుజం పట్టుకుని మెట్లెక్కింది. రెప్పలు సగానికి వాలిపోయాయి, దవడ వేలాడుతోంది, గడ్డం కింద చెయ్యి ఆనించకపోతే తల నిలవడం లేదు. సంఘం గదిలోకి మొగుణ్ని రానివ్వలేదు. దరఖాస్తుదారు చచ్చిపోతేనో, పసిపిల్లయితేనో తప్ప ప్రతినిధికి ప్రవేశం లేదట. లోపలికెళ్లి కుర్చీలో కూలబడింది.

"చెప్పండమ్మా, మీ అభ్యంతరం ఏమిటి?" అన్నాడు అధ్యక్షుడు.

మైకమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే ముక్కులోంచి ఏదో మూలుగు వచ్చింది. ముందే రాసి తెచ్చుకున్న కాగితం చాచింది.

"కాగితాలు తీసుకోం. అభ్యంతరాన్ని స్వయంగా, నోటితో చెప్పాలి. నిబంధన." లెక్కల సభ్యుడు అయిదు నిమిషాలూ గడియారం చూస్తూ కూర్చుని గంట కొట్టాడు. ఫారంలో 'దరఖాస్తుదారు అభ్యంతరమేమీ తెలుపలేదు' అని రాసి, వేలిముద్ర వేస్తారా, సంతకం పెడతారా అని అడిగాడు.

ఇదెక్కడి న్యాయమండీ! మాత్ర వేసుకుంటే జబ్బు లేదంటారు, వేసుకోకపోతే అభ్యంతరం లేదంటారు. ఆ రోజు ఇంటికొచ్చి తిట్టడానికి కూడా ఆమెకి నోరు రాలేదు. మంచం మీద పడుకుంటే కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. మొగుడు తుడిచాడు.

ఇంట్లో మిగిలిన మాత్రలు మూడు వారాలకి సాగదీయాలని సగం సగం వేసుకోవడం మొదలుపెట్టింది. దాంతో సాయంత్రాలు మైకులో మాట నలిగిపోతోంది. పెళ్లిచూపులకి వెళ్లాల్సిన ఒక కుటుంబం ఆమె మాట సరిగ్గా అర్థంకాక వేరే ఊరి బస్సెక్కి, వచ్చి మేనేజరు మీద పడింది. మేనేజరు మంచివాడే. "నెలాఖరు దాకా చూస్తాను మైకమ్మా. తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నాడు ఆమె మొహంలోకి చూడకుండా.

మూడో మంగళవారానికి రెండు రోజుల ముందు, వాచీల మెకానిక్కు భూతద్దం కంటికి పెట్టుకునే నోరు విప్పాడు.

"ఏడింటికి వేసుకో."

"ఏంటండీ?"

"మాత్ర. సరిగ్గా ఏడింటికి వేసుకుంటే పదకొండుకి అయిపోతుంది. ఆ ఆఫీసులో పదింటికని రాస్తారు గానీ అధ్యక్షుడు పదకొండైతే గానీ రాడు. రెండుసార్లూ చూశాను. పదకొండుంబావుకి నిన్ను పిలుస్తారు. నువ్వు నోటితోనే మొదలుపెడతావు. వాళ్లు చూస్తుండగానే నోరు పోతుంది."

మైకమ్మ నోరు తెరుచుకుని చూసింది. అతను పదిరోజుల మాటలు ఒక్కసారే వాడేశాడు. "అయ్యబాబోయ్, నా మొగుడికి ఇంత బుర్రుందా!" అని ఆమె ముచ్చటపడుతుంటే, అతను మళ్లీ వాచీలోకి వంగిపోయాడు.

ఆ మంగళవారం సరిగ్గా ఏడింటికి మాత్ర వేసుకుని, తొమ్మిదింబావుకల్లా ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. పదింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా అధ్యక్షుడు గబగబా మెట్లెక్కి వచ్చాడు. వెనకే మిగతా ఇద్దరూ పరుగున వచ్చారు. మూడో ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి! విషయమేమిటంటే, పైనుంచి తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. ఒళ్లో ఫైలు పెట్టుకుని సంఘం గదిలో మూలన కూర్చుంది. ఆ ఆఫీసు పుట్టాక మొట్టమొదటిసారి, గోడ గడియారం పది కొడుతుండగా "ఒకటో నంబరు!" అని కేక వినిపించింది. ఒకటో నంబరు మైకమ్మదే. ఆమె మొగుడు గడియారం వంక చూసి, అది అబద్ధమాడుతోందేమోనని చేతి వాచీ కూడా చూసుకున్నాడు.

చేసేదేముంది, లోపలికెళ్లింది. గొంతు కంచులా మోగుతోంది. చెప్పాల్సింది ఎంత సాగదీసినా అయిదు నిమిషాల్లో అయిపోయింది. అధ్యక్షుడు మళ్లీ ఆమె పళ్ల వరస వంక ఆనందంగా చూశాడు. లెక్కల సభ్యుడు గంట కొట్టి, సంతకం పెట్టమని ఫారం తోశాడు. పెడితే అంతే సంగతులు. ఆమె కలం పట్టుకుని, ఏం చెయ్యాలో పాలుపోక, ఫారం అడుగున చీమల్లాంటి అక్షరాలు చదివింది. 'నిబంధనలు, వర్గాల జాబితా నాకు చదివి వినిపించబడినవి. అర్థమైనవి.'

"నాకెవరూ చదివి వినిపించలేదే!" అంది మైకమ్మ.

లెక్కల సభ్యుడు నవ్వాడు. "ఎవరికీ వినిపించమమ్మా. నూట ఎనభై పేజీలు. ఊరికే అలా రాసుంటుంది."

మూలన కూర్చున్న తనిఖీ అధికారిణి కలం మూత తీసింది. ఆ చిన్న చప్పుడుకి లెక్కల సభ్యుడి బట్టతల మీద చెమట పట్టింది. "అంటే... వినిపిస్తాం. అడిగినవాళ్లకి తప్పకుండా వినిపిస్తాం," అన్నాడు.

"మీకెందుకండీ శ్రమ, నేనే చదువుకుంటాను. పైకే చదవాలి కదా, వినిపించాలని రాసుంది," అంది మైకమ్మ. పుస్తకం ఒళ్లోకి లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

బస్సుల వేళలు చదివిన గొంతు అది, అక్షరం మింగదు. "దగ్గు మందు. పొడి దగ్గుకైతే రెండో వర్గం. తడి దగ్గుకైతే, రోగి స్వయంగా కొంత ఉమ్మివేయగలడు గనుక, మూడో వర్గం." "కంటి చుక్కలు. రెండు కళ్లకీ అయితే రెండో వర్గం. ఒక కంటికైతే, రెండో కన్ను పనిచేయుచున్నది గనుక, నాలుగో వర్గం." "గుండె మందు. గుండెపోటు వచ్చినవారికి మొదటి వర్గం. రాకుండుటకు వాడువారికి, రాలేదు గనుక, మూడో వర్గం." తనిఖీ అధికారిణి ఏదో రాసుకుంటోంది. "బట్టతల లేపనం, మొదటి వర్గం" అని చదివినప్పుడు మాత్రం కలం ఆపి, తలెత్తి లెక్కల సభ్యుడి వంక చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

అలా పదకొండు కొట్టింది. యాభయ్యో పేజీ దగ్గర 'ల'లు మెత్తబడ్డాయి. యాభై అయిదు దగ్గర మాట ముక్కులోకి ఎక్కింది. ఎడమ రెప్ప వాలిపోతే, ఆమె చూపుడువేలితో రెప్పని పైకెత్తి పట్టుకుని చదివింది. దవడ జారిపోతే మోచెయ్యి బల్ల మీద ఆనించి గడ్డం పట్టుకుంది. ఆపదలుచుకోలేదు, ఆపితే గంట కొడతారు. అరవై రెండో పేజీకి మాట పూర్తిగా పోయింది. వేలు మాత్రం వరస వెంట నడుస్తోంది, పెదాలు కదలాలని చూస్తున్నాయి.

"చదవండమ్మా, ఆపేశారేం?" అన్నాడు అధ్యక్షుడు.

రికార్డులు పట్టుకుని గోడవార కూర్చున్న గుమస్తామ్మ ముందు లేచింది. ఫైలు చూసుకోకుండా ఆమె లేవడం అదే మొదటిసారి. గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటికి అందించింది. పాపం, మంచికే చేసింది. ఆ నీళ్లు గొంతు దిగలేదు. ముక్కులోంచి వచ్చేశాయి, ఆమెకి పొలమారింది, దగ్గుదామంటే దగ్గడానికి కూడా బలం లేదు. మొహం నల్లబడింది. చచ్చిపోతున్నానని మైకమ్మకి తెలిసింది. ఇంతమంది మధ్య, ఇంత పెద్ద పుస్తకం ముందు చచ్చిపోతున్నానే అనుకుంది.

సందులోంచి చూస్తున్న మొగుడు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు.

"ప్రతినిధికి ప్రవేశం..." అన్నాడు లెక్కల సభ్యుడు.

"నోర్ముయ్!" అని అరిచాడు వాచీల మెకానిక్కు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ గొంతు ఆమె కూడా ఎప్పుడూ వినలేదు. భార్యని ముందుకి వంచి, వీపు తట్టి, నీళ్లు బయటికి రానిచ్చాడు. ఊపిరి ఆడింది. జేబులోంచి మాత్రా చెంచా తీసి, అందులో నలిపి, చుక్క నీళ్లతో కలిపి, నాలుక మీద కొంచెం కొంచెంగా పెట్టాడు. వాచీ పళ్లచక్రాల మధ్య నూనె వేసే చెయ్యి కదా, ఒలకలేదు.

"ఎవరూ కదలొద్దు," అంది తనిఖీ అధికారిణి. ఎవరూ కదల్లేదు. మెకానిక్కు చేతి వాచీ చూస్తూ ముప్పావుగంట లెక్కపెట్టాడు. నెమ్మదిగా కుడి రెప్ప లేచింది, తర్వాత ఎడమది. మైకమ్మ తల నిలబెట్టుకుని, చుట్టూ చూసి, పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"అరవై రెండో పేజీ," అంది. "చీముకి పూసే మందులు."

"చాలమ్మా, చాలు!" అన్నాడు అధ్యక్షుడు చేతులు జోడించి.

లెక్కల సభ్యుడు మాత్రం ఇంకా వదల్లేదు. ముప్పావుగంటలో తగ్గిపోయింది కాబట్టి ఇది ముప్పావుగంట జబ్బనీ, తాత్కాలిక జబ్బులు మూడో వర్గంలోకి వస్తాయనీ వాదించాడు. అధికారిణి అతని మాట చెవిన వేసుకోలేదు. "సంఘం కళ్లారా చూసిందా లేదా?" అని అడిగింది. చూసిందన్నారు. "అయితే చూసింది చూసినట్టు రాయండి," అంది. మందు లేనప్పుడు జబ్బు, మందు వేసినప్పుడు గుణం, రెండూ సంఘం సమక్షంలో చూడబడినవని రాశారు. మొదటి వర్గం అని ముద్ర కొట్టారు.

మైకమ్మ మెట్లు దిగుతూ మొగుడి చెయ్యి వదల్లేదు. ఆ రోజు ఇంట్లో ఆమె ఆపకుండా మాట్లాడింది, ఆడపడుచు ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. మర్నాటి నుంచి నిండు మాత్రలు, నిండు గొంతు. మేనేజరు అద్దం మీద తట్టి బొటనవేలు చూపించి వెళ్లాడు. అంత సంతోషం ఆమెకి పెళ్లిరోజున కూడా కలగలేదు.

ఉత్తర్వు నకలు తీసుకోవడానికి నెల తర్వాత మొగుడితో కలిసి ఆఫీసుకి వెళ్లింది. గుమస్తామ్మకి రెండు మాటలు చెప్పి, నవ్వించి రావాలనుకుంది. హాలు కిటకిటలాడుతోంది, కానీ ఎక్కడా మాట వినిపించడం లేదు. ఒకామె గోడకి చేరగిలబడి పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది. ఒక కుర్రవాడి చేతులు రెండూ గజగజ వణుకుతుంటే అతని తల్లి గట్టిగా పట్టుకునుంది. కొత్తగా నోటీసు అంటించారు. 'బస్ స్టాండు ఉద్యోగిని వ్యవహారంలో ఇచ్చిన ఉత్తర్వును అనుసరించి, ఇకపై దరఖాస్తుదారులందరూ మందు మానివేసి, జబ్బుతో సంఘం ఎదుట హాజరు కావలెను.'

మైకమ్మ ఆ నోటీసు రెండుసార్లు చదివింది. కౌంటరు వెనక గుమస్తామ్మ తలెత్తి ఆమెను చూసి, చూపు ఫైల్లోకి దించేసుకుంది.

"నోటీసు చదివింది మీరేనా?" అన్నాడు పక్క బెంచీ మీద ఒక ముసలాయన. తెల్ల చొక్కా, చేతిలో చిన్న కాగితం పొట్లం. "పెదాలు కదిపారు, కొంచెం వినిపించింది. బస్ స్టాండులో చెప్పేది మీరే కదూ తల్లీ?"

"నేనే బాబాయ్. మీకేంటి జబ్బు?"

"మూర్ఛ. పన్నెండేళ్లయింది రాక, మాత్ర వేసుకుంటాను కదా. రాలేదు గనుక మూడో వర్గమన్నారు." ఆయన పొట్లం చూపించాడు. "నాలుగు రోజులైంది మానేసి. ఇంకా రాలేదు. సరిగ్గా లోపలికెళ్లాక వస్తే బాగుణ్నని చూస్తున్నా."

"అయ్యో బాబాయ్, ముందది వేసుకోండి! ఏమైనా అయితేనో?"

"అలా అంటావేంటమ్మా?" ఆయన తప్పుపట్టినట్టు కాదు, చనువుగా నవ్వాడు. "నీకు అలాగే కదా ఇచ్చారు. నీ పుణ్యమా అని మాలాంటివాళ్లకీ ఒక దారి దొరికింది. నిన్ను చూస్తే దణ్నం పెట్టాలనుకున్నాను, ఇదిగో కనిపించావు." నిజంగానే చేతులు జోడించాడు.

మైకమ్మకి సిగ్గేసింది. ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. మాత్ర వేసుకోమని మళ్లీ అంటే, నీది చెల్లింది, నాది చెల్లదంటావా అని ఆయన అడుగుతాడు. మొగుడు ఉత్తర్వు నకలు తీసుకొచ్చి, వెళ్దామన్నట్టు చూశాడు.

"మీరు మీ వాచీల షాపుకి వెళ్లండి. డిపోకి ఫోన్ చేసి ఈ పూట రానని చెప్పండి."

అతను ముసలాయన్ని, నోటీసుని చూశాడు. జేబులోంచి మాత్ర నలిపే చెంచా తీసి ఆమెకిచ్చి, మెట్లు దిగాడు.

"మీ నంబరెంత బాబాయ్?"

"ముప్పై ఎనిమిది."

గోడ మీది బోర్డులో ఆరు వెలుగుతోంది. ముసలాయన కూర్చున్న వైపు బెంచీకి ఇనప చట్రం మొన, మూర్ఛొచ్చి పడితే తలకి తగిలేలా, బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆమె అటు వెళ్లి, ఆ మొనకీ ఆయన తలకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.